ఓబులేసు చెక్కిన గడప

నంద్యాల కోర్టులో నా ప్రాక్టీసు చివరి ఏడాది, వేసవి సెలవులు ముగిసిన వారంలో ఓబులేసు విడాకుల కేసు నా చేతికి వచ్చింది. ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పి అతను. భార్య రమణమ్మ తరఫు వకీలు తులసి. తులసి ఒకప్పుడు నా జూనియర్. అఫిడవిట్ రాయడం నా బల్ల దగ్గరే నేర్చుకుంది. ఆ ఏడాదికి ఆమె బల్ల చుట్టూ కక్షిదారులు, నేనేమో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. చూస్తే కడుపు మండేది. దాచుకోవడం ఎందుకు?

తగాదా ఇంటి మీద. ప్రభుత్వం ఇంటిస్థలం పట్టాలను ఆ ఇంటి ఆడమనిషి పేరుతో ఇస్తుంది. కాబట్టి పట్టా రమణమ్మది. ఇల్లు కట్టింది మాత్రం ఓబులేసు. పగలు కార్ఖానాలో విగ్రహాలు, సాయంత్రం ఇంటి గోడలు. వాకిలికి నల్లరాతి ద్వారబంధం, గడపతో సహా, తానే చెక్కి నిలబెట్టాడు. ఆ తర్వాత, శిరివెళ్ల నుంచి ఇసుక తోలే ట్రాక్టరతను రమణమ్మతో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడితే ఓబులేసుకు అనుమానం పట్టుకుంది. ఆధారం ఆ నవ్వు ఒక్కటే. ఆమె విసిగిపోయి అతన్ని బయటికి పంపింది. అతను కార్ఖానాలో పడుకుంటూ విడాకులకు వేశాడు.

అతనికి చట్టం వివరించాను. విడాకులప్పుడు ఆస్తిని సగం సగం పంచే పద్ధతి మన దగ్గర లేదు. పత్రంలో ఎవరి పేరుంటే వారిదే. పేరు లేనివాళ్లు తాము పెట్టిన ఖర్చును రుజువు చేసుకుని, ఆ మేరకు అడగవచ్చు. బిల్లులు, సాక్షులు కావాలన్నాను.

“రాయి కొట్టినోనికి బిల్లు ఎవురిస్తారు సార్?” అన్నాడు.

సిమెంటు అంగడి రసీదులు కొన్ని దొరికాయి. ఒక మేస్త్రీ సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. కేసు గట్టిది కాదు గానీ ఎంతోకొంత రాబట్టగలననిపించింది. తులసి మీద ఒక్కటైనా గెలవాలని నాకూ ఉంది.

జడ్జిగారు మమ్మల్ని మధ్యవర్తి దగ్గరికి పంపారు. కుటుంబ కేసుల్లో అది మామూలే. అక్కడ ఓబులేసు ఖర్చుల ఊసే ఎత్తలేదు. భార్యవైపు చూడకుండా, “ఇల్లు ఆయమ్మే ఉంచుకోనీ. నా గడప నాకిచ్చేయండి. దాన్ని ఇంకోడు దాటి లోపలికి పోతాంటే నేను సూడలేను” అన్నాడు.

కట్టడంలో బిగించింది ఏదైనా ఇంటితో పాటే ఆస్తి, పట్టాదారు ఒప్పుకోకుండా కదపకూడదు. ఆ ముక్క నేను చెప్పేలోపే తులసి రమణమ్మ చెవిలో ఏదో అంది. రమణమ్మ నిదానంగా, “తీసుకపో. ఇంటిమీద ఇంకేమీ అడగనని రాసిచ్చి తీసుకపో. గోడ పడకుండా నువ్వే తియ్యాల, చెక్క దారబందం నువ్వే పెట్టాల” అంది.

అతన్ని వరండాలోకి లాక్కెళ్లాను. నాలుగు రాళ్ల కోసం ఇంటిమీద అడగగలిగింది వదులుకోవద్దని, కొన్నాళ్లు ఆగమని చెప్పాను.

“ఆగితే ఆ ట్రాక్టరోడు దాటుతాడు సార్” అని, లోపలికెళ్లి సంతకం చేశాడు. చట్టం పెట్టిన గడువు ముగిశాక, ఆ రాజీ ప్రకారం ఇద్దరి సమ్మతితో విడాకులు మంజూరయ్యాయి.

చెవిలో ఏమన్నావని తులసిని అడిగాను. “ఇచ్చేయమన్నాను సార్, అంతే” అంది. ఆ ఒక్క మాటతో ఇల్లంతా దక్కించిందని నాకిప్పటికీ కుళ్లే.

కొన్నాళ్లకు ఓబులేసు మళ్లీ వచ్చాడు. రాతి ద్వారబంధం కార్ఖానాలో గోడకు ఆనించి పెట్టుకున్నాడట. “ఆ చెక్క గడపకు పసుపు పూసి ముగ్గేస్తాంది సార్. నా గడపకు ఎప్పుడూ అంత సింగారం చేయల్యా. ఇంటిమీద కేసు వేద్దామా?” అన్నాడు.

రాసిచ్చావు కదప్పా, ఇక కుదరదన్నాను. ట్రాక్టరతను వచ్చాడా అని అడిగాను.

“రాల్యా సార్. ఎవురూ రాల్యా.”

పత్రంలో పేరు లేనివాళ్లు పునాది తవ్విన రోజు నుంచే రసీదులు దాచుకోవాలి. కడుపు మండుతున్న రోజున దేనిమీదా సంతకం పెట్టకూడదు.