కరెంటు మేస్త్రీ అక్కకు ఇచ్చిన మాట

మా వీధి కరెంటు మేస్త్రీని అందరూ రుజువులాయన అంటారు. టెస్టరు పెట్టి చూడనిదే తన నీడను కూడా నమ్మడని వెక్కిరింత. నా కుట్టుకొట్టు అతని కొట్టును ఆనుకునే ఉంది కనుక, ఇరవై ఏళ్లుగా అతని వాదనలన్నీ నా చెవులే మోశాయి. ఎవరైనా దేవుడి సంగతి ఎత్తితే, చూపిస్తే దండం పెడతాననేవాడు. అంతకు మించి ఎవరి జోలికీ పోయేవాడు కాదు.

అలాంటివాడు ప్రార్థనామందిరంలో వైరింగు పని ఒప్పుకున్నాడు. వేదిక మీద పెద్ద గాజుదీపం, దాని స్విచ్ మాత్రం బోధకుడి పీట కింద, కాలికి అందేలా ఉండాలన్నారు. ఎందుకని అడగలేదు. బోధకుడు ఎవరి పేరైనా పలికితే దీపం దానంతటదే వెలుగుతోందని, వెలిగితే వాళ్ల జబ్బు పోయినట్టేనని తరవాత జనం చెప్పుకుంటుంటే, నా కొట్లో కూర్చుని కడుపుబ్బ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఓ వారం దీపం అతని అక్క పేరుకు వెలిగింది. తల్లి పోయాక బడి మానేసి తమ్ముణ్ణి పెంచిన మనిషి ఆమె. చక్కెర జబ్బుకు పదేళ్లుగా రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటోంది. జబ్బు పోయిందని బోధకుడు చెప్పగానే మానేసింది. నాలుగు రోజులకే నాలుక పిడచకట్టుకుపోయి, గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. సూది పడకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు.

మేస్త్రీ నన్ను కూడా వెంటబెట్టుకుని అక్క ఇంటికి పరుగున వెళ్లి, ఆమెకు స్విచ్ సంగతంతా చెప్పాడు. వైరు ఎటునుంచి ఎటు పోయిందో కాగితం మీద గీసి చూపించాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

"స్విచ్ నువ్వే పెట్టావు, కాదనను. నా పేరుకే ఆయన చేత నొక్కించిందెవర్రా?"

దానికి ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. చివరికి ఆ మొండిమనిషి ఆమె కాళ్లు పట్టుకుని బావురుమన్నాడు. సూది వేసుకుంటే బతికున్నంతకాలం తనూ మందిరానికి వస్తానన్నాడు. తమ్ముడు ఒక్కసారి మోకరిల్లితే చాలని ఏళ్ల తరబడి మొక్కుకుంటున్న మనిషి కదా, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్ను తన దగ్గరికి తెచ్చుకోడానికైతే, నేను సూది వేసుకున్నా ఆ దేవుడు ఒప్పుకుంటాడు. కానీ నువ్వు మందిరానికి రావడం మానేసిన రోజు నేనూ సూది మానేస్తాను" అని చెయ్యి చాపింది.

ఆమె తేరుకుంది. అతను మాట తప్పలేదు. వారం వారం ముందు వరసలో, ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చునేవాడు. మనిషి సగమైపోయాడు. అక్కడ కూర్చోలేకపోతున్నానంటే ఓసారి నేనూ తోడు వెళ్లాను.

ఆ రోజు బోధకుడు అతన్ని వేదిక మీదికి పిలిచాడు. దేన్నీ నమ్మని మనిషే దిగివచ్చాడు, ఇంకేం కావాలని జనాన్ని అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒకావిడ చంకలో పసిపిల్లతో వచ్చి, పిల్ల మూర్ఛమందు సీసా దీపం ముందు పెట్టేసింది. పెట్టి మేస్త్రీ వైపు తిరిగింది.

"మీరు అబద్ధం చెప్పరని అందరూ అంటారన్నా. ఇక మందు మానేస్తాను. ఇదంతా నిజమేనా?"

అతను అక్క వైపు చూశాడు. అక్క అతన్నే చూస్తోంది.

"నిజమేనమ్మా" అన్నాడు.