ఇద్దరైన ఒక అమ్మమ్మ

నా ఉద్యోగం ఏమిటో నలుగురిలో చెప్పాలంటే మా నాన్నకు సిగ్గు. "ఏవో పరీక్షలండీ" అని మాట దాటేసేవాడు. బెజవాడ వన్ టౌన్‌లో నూలు గోదాముల వెనక ఉన్న లేబరేటరీలో రోజంతా నేను పరీక్షించేది జనం ఉచ్చ. ఉచ్చతో మొదలైన ఉద్యోగం ఉచ్చస్థితికి చేరడం ఎక్కడైనా ఉందా అని ఆయన బాధ. చేరలేదు కూడా. కాని దానితోనే ఒక మనిషికి ఉచ్చు పన్నాను.

అవి యుద్ధం రోజులు. కంకిపాడు దగ్గర ఒక నేతగాళ్ళ ఇంట్లో పసివాడి గుడ్డలు ఉతికినకొద్దీ నల్లబడుతున్నాయని, చాకలామె మూట తిరిగిచ్చేసిందని విన్నాను. చౌడు వేసి నానబెడితే మరక వదలాలి, ఇది ముదురుతోంది. చౌడు తగిలితే ఉచ్చ నల్లబడే జబ్బు ఒకటుందని, అది బహు అరుదని, పుట్టుకతోనే వస్తుందని పుస్తకంలో చదివి ఉన్నాను. సైకిలు మీద వెళ్ళాను. రెండేళ్ళు వెళుతూనే ఉన్నాను.

పసివాడి తల్లి, తండ్రికి సొంత అక్క కూతురు. అత్తగారిని ఆమె అత్తా అనదు. పుట్టినప్పటినుంచి పిలిచినట్టే 'అమ్మమ్మా' అంటుంది. నేను వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్కులో రాసుకున్నాను. తండ్రి పేరు కింద 'అమ్మ', తల్లి పేరు కింద 'అమ్మమ్మ', పెళ్ళి దగ్గర 'వరసైన సంబంధం'. ఆ ఇద్దరూ ఒకే మనిషి అని విడిగా రాయలేదు. తెలుగువాడికి ఆ సంగతి రాయాలని తోచదు. వెళ్ళినప్పుడల్లా నాకు మజ్జిగ ఇచ్చి, "మా ఇంటి ఉచ్చలో ఏం బంగారం ఉందయ్యా, ఇంతెండన పడి వస్తావు?" అని ఎగతాళి చేసే ముసలమ్మే ఆమె. ఆ ముసలమ్మలోనో ఆమె మొగుడిలోనో దాగిన దోషం కొడుకు ద్వారా ఒక దారిన, కూతురు ద్వారా ఇంకో దారిన దిగివచ్చి మనవడిలో కలిసింది. రెండేళ్ళ సైకిలు తొక్కుడుకు ఫలితం ఈ ఒక్క వాక్యం.

నా పైఅధికారి దొర. మునిషీ దగ్గర తెలుగు నేర్చినవాడు. ఒకనాడు "నీ పుస్తకము నాకిమ్ము. చదివి తిరిగి ఇచ్చెదను" అన్నాడు. ఇచ్చాను. నాలుగు నెలలకు పుస్తకం తిరిగి వచ్చింది. దానితోపాటు ఆయన పేరుతో టైపు కొట్టిన వ్యాసం కూడా. చివర, సీసాలు మోసిన గుమాస్తాకు కృతజ్ఞతలు అని ఉంది. ఆ గుమాస్తాను నేనే.

ఏడుపొచ్చింది. అంతలో వ్యాసంలోని వంశవృక్షం చూశాను, ఏడుపు ఆగిపోయింది. దొర 'అమ్మ'ను ఒక కొమ్మ మీద, 'అమ్మమ్మ'ను ఇంకో కొమ్మ మీద కూర్చోబెట్టాడు. 'వరసైన' అంటే 'తగిన' అనుకున్నాడు. రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు కనక జబ్బు వంశానిది కాదు, అద్దకం తొట్ల నీళ్ళది అని తేల్చేశాడు.

మంచివాడైతే అప్పుడే చెప్పేవాడు. నేను "చాలా బాగుందండీ" అన్నాను. తరువాతి రెండు నెలలూ అన్నం సయించింది, నిద్ర పట్టింది. కాస్త ఒళ్ళు కూడా చేశాను.

ఊళ్ళో డాక్టర్ల సభ జరిగింది. దొర పటం వేలాడదీసి గంటసేపు మాట్లాడాడు. నేను చివరి బెంచీలో లేచి నిలబడ్డాను.

"చిన్న సందేహమండీ. ఈ ఇద్దరు ముసలమ్మల్లో నాకు మజ్జిగ పోసినావిడ ఎవరండీ?"

"వారిరువురును వేర్వేరు స్త్రీలు."

"ఇద్దరి పేరూ ఒకటేనండీ. ఇల్లూ ఒకటే. ఇద్దరికీ ఎడమ కన్ను కనపడదండీ."

ముందు వరసలో అక్క కూతుర్ని చేసుకున్న డాక్టరుగారొకరు ఉన్నారు. అందరికంటే ముందు ఆయనకు వెలిగింది. పక్కాయన తొడ మీద చరిచి, "ఒరేయ్, ఈయన మా ఇంటికొస్తే మా అమ్మని కూడా రెండు చోట్ల వేలాడదీస్తాడ్రోయ్!" అన్నాడు. హాలు గొల్లుమంది. దొర చెవులు ఎర్రబడటం చివరి బెంచీ దాకా కనిపించింది. తనివి తీరా చూశాను.

మర్నాడు ఆయనే నా గదికి వచ్చాడు. "చిత్రమును సరిచేసి ఇమ్ము. ఇరువురి పేర్లును వేయుదము."

"ఎవరి పేరు ముందండీ?"

"నాదియే ముందుండవలెను."

"నాకు బొమ్మలు గీయడం రాదండీ" అన్నాను.

ఆ వ్యాసం అచ్చు కాలేదు. కొన్నాళ్ళకు ఆయన ఓడెక్కి స్వదేశం వెళ్ళిపోయాడు. నేను మొదటినుంచి మళ్ళీ రాసి, నా ఒక్కడి పేరుతో ఒక పలచని పత్రికలో వేయించాను. చదివినవాళ్ళకంటే ప్రూఫులు దిద్దినవాళ్ళే ఎక్కువ. అయినా ఒక ప్రతి ఆయన ఊరికి రిజిస్టర్డు పోస్టులో పంపాను, ముట్టినట్టు సంతకం చేసి తిప్పి పంపే కార్డు జత చేసి మరీ.

మూడు నెలలకు కార్డు వచ్చింది. మా పరిశోధన విషయంలో దొర పెట్టిన సంతకాల్లో నిజమైనది అదొక్కటే. దానికి ఫ్రేము కట్టించి, కూర్చుంటే ఎదురుగా కనపడేటట్టు గోడకు తగిలించుకున్నాను.