తీగ మీద తువ్వాళ్లు

మదనపల్లె టమాటా మార్కెట్లో నేను మండీ లెక్కలు రాసేటప్పుడు హమాలీల సంఘానికి ఒక మేస్త్రీ ఉండేవాడు. పొద్దున్నే ప్రతి హమాలీ షెడ్డులోని తీగ మీద తన తువ్వాలు వేసేవాడు. ఆ వరుసలోనే లారీల పని దక్కేది. అందరూ వేశాకే మేస్త్రీ తనది వేసేవాడు.

ఉగాదినాడు నలభై రెండు తువ్వాళ్లున్నాయి. వినాయక చవితికి పదిహేడే మిగిలాయి. నేను రోజూ ఆ లెక్క పుస్తకం మూలన రాసుకునేదాన్ని.

"యాల తగ్గుతాండాయప్పా?" అని మేస్త్రీని అడిగాను.

"కూలి తక్కువైనా కాంట్రాక్టరు దగ్గర రోజూ పని ఉండాదమ్మా. సంఘంలో ఉంటే మాత్రం రానీడు. నువ్వు లెక్క తప్పకుండా సూడు, సాలు" అని నవ్వాడు.

ఒక సోమవారం తీగ ఖాళీగా ఉంది. మేస్త్రీ తువ్వాలు భుజం మీదే ఉంచుకుని దాని పక్కన నిలబడ్డాడు.

"నీదన్నా వెయ్యప్పా, లారీ వచ్చింది" అన్నాను.

"ముందు వాళ్లను వేయనీమ్మా."

సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. లారీలన్నీ కాంట్రాక్టరు మనుషులే దించారు. నేను సున్నా రాశాను. ఆ తర్వాత ఆయన మార్కెట్లో కనిపించలేదు.

మంగళవారం మా యజమాని షెడ్డులోకి వచ్చి తీగను చూశాడు.

"దీన్ని విప్పించమ్మా. ఈడ లెక్కలకు కంప్యూటరు పెడతాండాము" అన్నాడు.

నేను లెక్కలు రాసే బల్ల కూడా ఆ తీగ కిందే ఉండేది.