మిస్సింగ్ కొట్టే కారు, మా అత్తగారు

మా కారుకు అప్పటికే పద్దెనిమిదేళ్లు. మా మామగారు కొన్నది. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. నేను గుంటూరు వైపువాణ్ణి. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం కాబట్టి, పెళ్లయ్యాక శంషాబాద్‌లోనే అత్తగారింటి పై అంతస్తులో కాపురం పెట్టాం. ఇది ఇల్లరికం కాదని, కిరాయి కట్టకుండా ఉండడం మాత్రమేనని మా వాళ్లకు ఇప్పటికీ చెబుతుంటాను.

ఒక వేసవిలో ఆ కారుకు వణుకు పట్టుకుంది. నడుస్తున్నంతసేపు బాగానే ఉండేది. ఎక్కడైనా ఆగితే చాలు, చన్నీళ్లు పోసుకున్నవాడిలా వణికేది. స్టీరింగు వణికేది, అద్దాలు వణికేవి, నా కళ్లజోడు ముక్కు మీద నుంచి జారిపోయేది. ఎయిర్‌పోర్టు దారిలో తనిఖీ దగ్గర ఆపితే, సెక్యూరిటీ అతను కార్డు చూడడం మానేసి కారునే చూస్తూ నిలబడ్డాడు. బండికి జ్వరమా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. జాగ్రత్తగా తీసుకెళ్లమని చెప్పి పంపించాడు.

ఫోనులో రెండు వీడియోలు చూసి నేనే బాగుచేద్దామనుకున్నాను. బానెట్ తెరిచి చాలాసేపు లోపలికి చూశాను. లోపల ఇంజన్ ఉంది. మూసేశాను.

ఆదివారాలు మా అత్తగారిని కొత్తూరులో వాళ్ల అక్కగారింటికి తీసుకెళ్లడం నా పని. ఆ ఆదివారం దారిలోనే హైవే పక్కనున్న మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాను. ఆ భాయ్ మా మామగారి కాలం నుంచి ఈ కారును చూస్తున్నవాడు. మా అత్తగారు ముప్పై ఏళ్లు ఇంట్లో మిషన్ మీద బట్టలు కుట్టారు. భాయ్ కూతుళ్ల గౌన్లన్నీ ఆవిడ కుట్టినవే. అందుకని ఆయన ఆవిడకు స్టూలు వేసి, చాయ్ తెప్పించి, ఆ తర్వాతే బానెట్ ఎత్తాడు.

"ఐడ్లింగ్‌ల మిస్సింగ్ కొడుతుంది సార్," అన్నాడు.

బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ లయ తప్పుతోందని దానర్థం. ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. మంచి ప్లగ్గు వైరు పీకితే ఇంజన్ ఇంకా గింజుకుంటుందట. పీకినా తేడా లేకపోతే ఆ ప్లగ్గే దొంగ. నాలుగూ గింజుకున్నాయి. నాలుగూ మంచివే. అప్పుడాయన సీసాలో నీళ్లు పోసుకుని, ఇంజన్ చుట్టూ ఉన్న రబ్బరు పైపుల మీద, మంగలి షాపులో చల్లినట్టు సన్నగా చల్లుతూ వచ్చాడు. ఒకచోట నీళ్లు పడగానే ఇంజన్ చప్పుడు మారింది. చిటికెన వేలంత పైపు. చివర పగిలి, అక్కడి నుంచి గాలి పీలుస్తోంది. పీల్చకూడని చోట గాలి పీలిస్తే ఇంజన్‌కు లెక్క తప్పుతుందని చెప్పి, కొత్త పైపు వేశాడు. కారు సద్దుమణిగింది.

మా అత్తగారు చాయ్ గ్లాసుతో దగ్గరికి వచ్చారు. "ఏందది తమ్మీ?"

"ఇగో చూడక్కా. గీ పైపు ఊడితే బండి గిట్ల వణుకుతది." పీకాడు. కారు వణికింది. "పెడితే సప్పుడుండది." పెట్టాడు.

"ఏది, మల్ల ఒకసారి పీకు."

పీకాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"జోరుగ గుంజాల్నా?"

"లేదక్కా. జర తిప్పి గుంజితే వస్తది."

అరవై ఆరేళ్ల వయసులో ఆవిడకున్న ఆ కుతూహలం చూసి నాకు గౌరవం కలిగింది. ఇంటికెళ్లాక నా భార్యకు కూడా చెప్పాను. ఆమె స్కూల్లో టీచరు. నేర్చుకునే గుణం తనకు అమ్మ దగ్గర నుంచే వచ్చిందని సంతోషించింది.

తర్వాతి ఆదివారం కారు చడీచప్పుడు లేకుండా నడిచింది. అత్తగారు మాత్రం దారంతా మూతి ముడుచుకుని కూర్చున్నారు. బాగులేదా అని అడిగితే, "ఏం లేదు అల్లుడా, ఇయ్యాల కారు సప్పగున్నది," అన్నారు.

ఆపై ఆదివారం ఇంటి ముందు స్టార్ట్ చేయగానే వణుకు మళ్లీ మొదలైంది. నేను దిగులుపడ్డాను. ఆవిడ హుషారుగా కబుర్లు చెప్పారు. మర్నాడు భాయ్ చూసి, పైపు ఊడిందని పెట్టేశాడు. వారం తిరిగేసరికి మళ్లీ ఊడింది. ఈసారి క్లిప్పు వేసి బిగించాడు. ఆ వారం క్లిప్పుతో సహా ఊడింది. భాయ్ మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవంలో క్లిప్పు దానంతటదే మాయమవడం తాను చూడలేదన్నాడు. ఎలుక అయ్యుంటుందని నేనన్నాను.

"ఎలుక పైపు కొరుకుతది సార్. స్క్రూ ఇప్పదు."

నాలుగోసారి పైపు ఊడి వెళ్లినప్పుడు అత్తగారు కూడా కారులో ఉన్నారు. భాయ్ ఊడిన పైపును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు. నాకిచ్చాడు.

"ఇంజన్‌కు నడుము నొప్పి లేసిందా సార్?"

పైపు నిండా నొప్పుల బామ్ వాసన. నాకు బాగా తెలిసిన వాసనే. ప్రతి ఆదివారం కొత్తూరు దాకా, మళ్లీ ఇంటి దాకా నేను పీల్చే వాసన. ఇద్దరం మెల్లగా తలలు తిప్పి ముందు సీటు వైపు చూశాం. అత్తగారు రోడ్డు మీద పోయే లారీలను శ్రద్ధగా చూస్తున్నారు.

"అత్తయ్యగారూ," అన్నాను.

"ఆఁ, నేనే పీకిన," అన్నారు ఆవిడ, ఇంకా లారీలనే చూస్తూ. "కారు మీద వడియాలు ఎండబెడదామని పోయినప్పుడు పీకిన. అయితే ఏంది?"

"ఎందుకండీ?"

అప్పుడు ఇటు తిరిగారు. "మిషిన్ తొక్కినన్ని రోజులు నా నడుము మంచిగుండె అల్లుడా. బంద్ చేసినంక పట్టుకున్నది. ఎన్ని దవాఖానలు తిరిగిన, ఎన్ని గోలీలు మింగిన. గీ సీట్ల కూసుంటే, బండి ఆగినప్పుడల్లా సరిగ్గ నొప్పి ఉన్న కాడనే గుద్దినట్టు అయితది. పానం లేసి వచ్చినట్టుంటది."

భాయ్ కారు కిటికీ దగ్గరికి వంగాడు. "అక్కా, క్లిప్పు దేంతోని ఇప్పినవ్?"

"మిషిన్ స్క్రూడ్రైవర్‌తోని."

ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాను. ఆమె వాళ్లమ్మను కోప్పడి, నడుముకు కట్టుకునే, కరెంటుతో వణికే పట్టీ ఒకటి తెప్పించింది. అత్తగారు దాన్ని ఐదు నిమిషాలు కట్టుకుని విప్పేశారు. "గిది చక్కిలిగిలి పెడుతుంది. నొప్పికి తగుల్తలేదు," అన్నారు. నేను వెళ్లి భాయ్‌ను సలహా అడిగాను. రోడ్డు మీద పైపు ఊడి ఉండడం మంచిది కాదని, రోజూ అలా నడిపితే ప్లగ్గులు నల్లబడతాయని చెప్పాడు. కావాలంటే ఇంటి ముందు, ఆరుబయట, వారానికి పది నిమిషాలు పీకి మళ్లీ పెట్టుకోమన్నాడు.

అలా మొదలైంది. ఆదివారం పొద్దున్నే గేటు తెరిచి, హ్యాండ్ బ్రేకు వేసి, కారు స్టార్ట్ చేసి పైపు పీకేవాణ్ణి. ఆవిడ ముందు సీట్లో కళ్లు మూసుకుని వణికేవారు. పది నిమిషాలయ్యాక పైపు పెట్టి కొత్తూరు బయల్దేరేవాళ్లం.

మూడో వారం ఎదురింటావిడ వచ్చి, వెనక సీటు ఖాళీయేనా అని అడిగింది. మోకాళ్ల నొప్పులట. ఖాళీయే. ఆ పై వారం ఇంకో ఇద్దరొచ్చారు. ఒకావిడ డ్రైవరు సీట్లో కూర్చుని పొరపాటున యాక్సిలేటర్ తొక్కింది. నలుగురూ ఒకేసారి ఎగిరి, ఇది ఇంకా మంచిగుందన్నారు. మోకాళ్లకు వెనక సీటు మంచిదా ముందు సీటు మంచిదా అనే దాని మీద వాదన జరిగి, భాయ్‌కు ఫోను చేశారు. ఆయన ఇంజన్ ముందుంటది కాబట్టి ముందు సీటేనని తీర్పు చెప్పాడు. మర్నాడు నేను కనిపిస్తే మాత్రం, సార్, పది నిమిషాలంటే నలుగురికీ కలిపి పది నిమిషాలు అని గుర్తుచేశాడు.

నా భార్య చాలా రోజులు ఈ తతంగానికి దూరంగా ఉంది. ఇంటి పరువు పోతోందని గొణిగేది. పరీక్షల సమయంలో ఒక ఆదివారం ఎవరూ రాలేదు. మెడ పట్టేసిందంటూ పేపర్ల కట్ట తీసుకుని తనే వెనక సీట్లో కూర్చుంది. రెండో పని కూడా అయిపోతుందని అక్కడే దిద్దడం మొదలుపెట్టింది. మెడ నొప్పి తగ్గిందని ఒప్పుకుంది. కానీ ఆ వారం ఒక తండ్రి స్కూలుకు వచ్చి, తన కొడుకు పేపరు ముందు పెట్టి, ఆమె వేసిన మార్కు ఆరో తొమ్మిదో చెప్పమని అడిగాడట. ఆమె చాలాసేపు చూసి, ఎందుకైనా మంచిదని తొమ్మిది అని చెప్పి పంపించింది.