బెండమొక్కల మీద మిరపచేను మందు

మా చిన్నప్పుడు... తెల్లారేసరికే మా అమ్మ పెరట్లో ఉండేది. కొంగు నడుముకి దోపుకుని, చేటలో పొయ్యి బూడిద పట్టుకుని, బెండమొక్కల ఆకులు ఒక్కొక్కటే తిరగేసి చల్లేది. మంచు తడి ఆరకముందే చల్లాలి. ఎండెక్కితే బూడిద ఆకుని పట్టదు.

కారంపూడి అవతల చిన్న పల్లె మాది. నాన్న మిరప వేసేవాడు. చేను నాన్నదైతే పెరడు అమ్మది... అందులో ఇంకొకళ్ల పెత్తనం సాగేది కాదు.

ఆ ఏడు ఏం పాడుకాలమో గానీ తెల్లదోమ పట్టింది. మొక్కని కాస్త కదిలిస్తే చాలు, పిండి ఎగిరినట్టు లేచేది. ఆకులు పసుపు తిరిగి ముడుచుకుపోయాయి. కాయ విరిస్తే లోపల పురుగు. అమ్మ చెయ్యని వైద్యం లేదు... వేపగింజలు దంచి నానబెట్టి ఆ నీళ్లు చిలకరించింది. పులిసిన మజ్జిగ కలిపి చల్లింది. పసుప్పచ్చ నూనె డబ్బాకి ఆముదం పూసి కర్రకి బోర్లించింది. డబ్బా నిండా దోమ అంటుకుని చచ్చేది, మర్నాటికి మళ్లీ అంత దోమా తయారు.

ఒకరోజు ఆ మొక్కల ముందు చతికిలబడి ఏడ్చింది కూడా. నవ్వకండి... ఆ పెరడు ఎండిపోతే మాకు పచ్చడి మెతుకులే.

అమ్మ ఏడుపు చూడలేకపోయాడో, విసుగొచ్చిందో... ఆ సాయంత్రం నాన్న చేలోంచి వస్తూ భుజాన పంపుతోనే సరాసరి పెరట్లోకి నడిచాడు. మిరపకి కొట్టగా మిగిలిన మందు అందులో ఉంది.

"ఏందయ్యా ఇది! తినే కాయల మీద కొడతావేంది?" అని అమ్మ అడ్డం పోయింది.

"నీ బూడిదకి చచ్చే దోమ కాదే ఇది. వారం దాకా కాయ కొయ్యమాకండి, అంతే" అన్నాడు నాన్న.

ఆ మాట విన్నది అమ్మా, నేనూ. మా చెల్లి మల్లి అప్పటికింకా ట్యూషన్ నుంచి రాలేదు.

మల్లికి లెక్కలంటే చలిజ్వరం. అది ఇంటికి రాగానే పాత పరీక్ష పేపరు చూసి నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "రేపటి పరీక్షలో గూడా ఇట్టాగే తెచ్చావనుకో, బడి మానిపించి మిరపకోతకి పంపుతా." మా వైపు నాన్నలందరూ అనే మాటే అది. మల్లి మాత్రం అన్నం కూడా తినకుండా ముసుగు తన్నింది. ఆ గొడవలో మందు కొట్టిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పరీక్ష సగంలో మల్లిని చేతుల మీద మోసుకొచ్చారు. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, చేతులు కొట్టుకుంటున్నాయి... ఆటోలో గురజాల ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా అమ్మ దాని చెంపలు తడుతూనే ఉంది. "కళ్లు తెరువే మల్లీ... మా తల్లివి గదా..."

డాక్టరు గారు దాని నోటి దగ్గర వాసన చూసి, "పురుగుమందు. ఎందుకు తాగింది? ఇంట్లో ఏమన్నారు?" అన్నారు.

మా పల్నాడు ఆసుపత్రుల్లో ముందు అడిగే ప్రశ్న అదే. అన్ని కేసులు చూశారు పాపం. ఆయన తాగిందన్నారు, మేమూ తాగిందనే నమ్మాం. పదేళ్ల పిల్ల!

"ఏ మందు?"

"మిరపకాయ మందండీ..." అన్నాడు నాన్న.

"పేరు చెప్పవయ్యా!"

మా ఊళ్లో మందుకి పేరెక్కడిది... పంట పేరో, డబ్బా రంగో చెబుతారు. కొట్లో ఇచ్చినవి రెండు మూడు కలిపి కొట్టేస్తారు. ఎన్నో ఏళ్లు చేతుల్తో కలిపిన మనిషికి బిడ్డ ప్రాణం మీదకొచ్చినప్పుడు ఒక్క పేరూ రాలేదు.

అమ్మ నాన్న చొక్కా పట్టుకుని ఊపేసింది. "నువ్వే చంపావయ్యా నా బిడ్డని! కోతకి పంపుతానంటివే..." నాన్న ఆసుపత్రి మెట్ల మీద కూలబడి తలకాయ గోడకేసి కొట్టుకున్నాడు. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ భయం.

మల్లి మర్నాటికి గానీ కళ్లు తెరవలేదు. అమ్మ దాని మొహం నిమురుతూ అడిగింది... "ఎందుకు తాగావే తల్లీ?"

"నేనేం తాగలేదమ్మా... పొద్దున్నే పెరట్లో బెండకాయలు తిన్నా. బెండకాయలు తింటే లెక్కలొస్తాయంటారు గదా... చేదుగా ఉన్నా చానా తిన్నా."

అది మెల్లగా నాన్న వైపు తిరిగి, "పరీక్ష అయిపోయిందా నాన్నా? ఇంక కోతకి పోవాలా?" అంది.

నాన్న దాని పాదాలు రెండూ పట్టుకుని ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం నేను మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆ మొక్కలన్నీ పీకి గొయ్యి తీసి పూడ్చాడు. మళ్లీ విత్తినప్పుడు అమ్మ పక్కనే గొంతుక్కూర్చుని తనే పురుగులు ఏరేవాడు. మార్కుల సంగతి మాత్రం తను పోయేదాకా మమ్మల్నిద్దర్నీ ఒక్కసారీ అడగలేదు... మేమే చెప్పబోయినా లేచి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు నరసరావుపేటలో నాకో మేడ ఉంది, మేడ మీద నాలుగు కుండీలున్నాయి. ఈ నెల వాటికి మళ్లీ తెల్లదోమ... వేప నీళ్లు, సబ్బు నీళ్లు అన్నీ అయ్యాయి, లొంగడం లేదు. బూడిద చల్లుదామంటే గ్యాసు పొయ్యిల కాలంలో బూడిదెక్కడిది? చెట్టున కాయ తుంచి కసుక్కున కొరికే రోజులు మా పిల్లలకి తెలియనే తెలియవు. బజారు కాయని ఎన్ని ఉప్పునీళ్లలో కడిగినా నాకు నమ్మకం కుదరదు.

మీ పెరట్లో పురుగు పడితే మీ అమ్మలూ అమ్మమ్మలూ ఏం చేసేవాళ్లు? గుర్తున్నంతవరకు చెప్పండి, ఈ పూటే చేసి చూస్తాను... మందు పేరు మాత్రం ఎవరూ రాయకండి.