తొట్టి మీద రేకు

మా ఆయన రచయిత. చిత్తూరు పాతబజారులో మేముండేది ఆయన తాతగారు కట్టించిన తొట్టికట్టు ఇల్లు. చుట్టూ గదులు, నడిమధ్య పైకప్పు లేని రాతి తొట్టి. నాలుగు వసారాల మీద పడిన వాననీళ్ళన్నీ ఆ తొట్టిలోకి దిగి, మూలనున్న తూములోంచి వీధి కాలవలోకి పోతాయి. ఆయన రాసుకునే గది తొట్టికి ఈ పక్క, వంటిల్లు ఆ పక్క. వంటిల్లు ఒక మెట్టు పల్లం కూడాను. వానొస్తే ఎవరి గతి ఏమిటో వేరే చెప్పాలా?

ఆ తొట్టిలో పడే వాన మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. చదివి కంటతడి పెట్టుకున్నామని చెప్పడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. తొట్టిలో నిలబడి, పైకి చూసి, "ఆహా" అనేవాళ్ళు. చారుగిన్నె కొంగు కింద దాచుకుని నేను వాళ్ళ మధ్య నుంచి దూరి పోయేదాన్ని. ఆ పుస్తకంలో నేనూ ఒకచోట ఉన్నాను, "వంటింట్లోంచి గాజుల చప్పుడు" అని. వంటింట్లోకి ఎక్కిన నీళ్ళను చెంబుతో తోడిపోస్తే గాజులు చప్పుడు చెయ్యక ఏం చేస్తాయి?

ఒక కార్తీకంలో ఆ తడిలోనే జారిపడి మోకాలు చెడగొట్టుకున్నాను. అప్పుడు గట్టిగానే అడిగాను.

"ఏమయ్యా, తొట్టి మీద ఒక రేకు ఏపిస్తే నీకేం పోతాది?"

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఏమ్మే, ఆకాశాన్ని మూసెయ్యమంటావా?"

"ఆకాశమంతా నాకెందుకు? వంటింటికి పోయే దోవ సాలు."

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే పోట్లాడి సాధించేదాన్ని. నవ్వి, నా మాటను తీసుకెళ్ళి ఒక వ్యాసంలో పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో తిరుపతి నుంచి సాహిత్యాభిమానులు దిగారు. మాది చారిత్రక గృహమట. ఆయన పేరు చెక్కించి వెంట తెచ్చిన స్మారకశిలను తొట్టిలో పెడతారట, ఒక్క పెచ్చు కూడా మార్చకుండా ఇంటిని కాపాడతారట. వాళ్ళ పెద్ద ఒక రిటైరైన లెక్చరరు. రాయి వెనక పాత స్తంభం, పైన ఆకాశం రెండూ ఫోటోలో పడే చోటు కోసం సెల్‌ఫోను పట్టుకుని తొట్టంతా తిరిగాడు. చివరికి దొరికింది, సరిగ్గా తూము ముందర.

"ఆడ తూముండాది సార్, నీళ్ళు పోవల్ల" అన్నాను.

"మీరు కాఫీ సంగతి సూడండక్కా. ఇట్లాంటి ఫోటో మళ్ళీ రాదు."

మా ఆయన వైపు చూశాను. ఆయన స్తంభానికి ఆనుకుని, తలెత్తి, ఫోటోకి తగిన ముఖం పెట్టుకుని ఉన్నారు. సరే, నేను పోయి కాఫీ పెట్టాను. నేను తిరిగొచ్చేసరికి వాళ్ళు రాయి నిలబెట్టి చుట్టూ సిమెంటు పూసేశారు.

నెల తిరక్కుండానే తుపాను పట్టింది. పొద్దున మొదలైన వాన తెరిపి ఇవ్వలేదు. తూము మూసుకుపోయింది కదా, తొట్టి నిండింది. నీళ్ళు అలవాటుగా ముందు వంటింట్లోకే వచ్చాయి. "వాన ఎంత బాగుండాదో సూసినావా!" అని అవతలి వసారాలోంచి ఆయన కేక. చెంబు చేతిలోకి తీసుకున్నాను. ఏమనిపించిందో ఏమో, దాన్ని పక్కన పడేసి బల్లెక్కి కూర్చున్నాను. వంటిల్లు నిండాక నీళ్ళు వసారా దాటి రచయితగారి గదిలోకి నడిచాయి. అక్కడ నేల మీద అమ్ముడుపోని ఆయన పుస్తకాల కట్టలు ఉన్నాయి.

"అయ్యయ్యో! ఏమ్మే! పుస్తకాలు నానిపోతా ఉండాయే! బిరీన రా!"

"యాడికొచ్చేది? నడాన వానుండాది గదా" అన్నాను, బల్ల దిగకుండానే.

ఆయనే పంచె ఎగగట్టి, గడ్డపార తెచ్చి, తన పేరు చెక్కిన రాయిని తనే పెళ్ళగించారు. నవ్వాపుకోలేక చచ్చాను. మర్నాడు ఎదురింటి వెల్డింగు సాయిబును కూడా తనే పిలుచుకొచ్చారు. మా ఆకాశం సంగతి వీధి వీధంతా ఎరుగుదురు.

"ఏం సార్, ఆకాశం వద్దా ఇంక?" అన్నాడు సాయిబు.

"పుస్తకాలు తడస్తా ఉండాయి భాయీ."

నా మోకాలు పక్కనే నిలబడి ఉంది. దాని ఊసు ఆయన ఎత్తలేదు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

రేకు పడింది. తెలియగానే లెక్చరరు ఫోను చేసి నిలదీశాడు. బట్టలు మడతపెడుతూ పక్కగదిలోంచి విన్నాను.

"ఏం జేసేది సార్, నేనొప్పుకోలేదు. మా ఇంటామె పోరు పడలేక... అంతా ఆమె చేసిన పనే" అంటున్నారు మా ఆయన.

బట్టలు వదిలేసి వెళ్ళి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది, నిజం చెప్పేస్తానని.

"అవును సార్" అన్నాను. "నేనే ఏపించినాను."

ఈ ఇంట్లో ఒక పని నేను చేశానని ఆయన నలుగురికీ చెప్పడం అదే మొదటిసారి. ఎట్లా వదులుకుంటాను?