పోలేరమ్మ నోరు మూసుకున్న కాలం

వాకాడు సందుల్లోకి పోలేరమ్మ కంటే ముందు ఆమె గొంతు వచ్చేది. "నెత్తళ్ళో... కానాగంతలో..." అని సముద్రపు ఒడ్డు ఊరినుంచి చేపల గంపతో వచ్చి ఆటో దిగుతూనే కేక అందుకుంటే, సందు చివర పడుకున్న పిల్లులు లేచి ఒళ్ళు విరుచుకునేవి. ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. ఆ గొంతులో కొంచెం ఉప్పు, కొంచెం గాలి, బోలెడంత అధికారం ఉండేవి. బేరమాడిన వాళ్ళను తిట్టేది. ఆడనివాళ్ళను ఒంట్లో బాగాలేదా అని నిలదీసేది. ఒడ్డున నిలబడి, అలల మీదుగా పడవలోని నాన్నకు కేకేస్తూ పెరిగిన మనిషి. మెల్లగా మాట్లాడడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. అవసరమూ పడలేదు.

మొగుడు చెంచయ్య రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు పడవ ఇంజనుతోనే. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మాటల పంపకం గురించి వాళ్ళిద్దరికీ తగాదా రాలేదు. ఉన్నవన్నీ ఆమె తీసుకుంది, అతను సంతోషంగా వదిలేశాడు.

అందుకే అతనికి జబ్బు చేసిన సంగతి ఎవరూ కనిపెట్టలేకపోయారు. దానికి తోడు అది వేట నిషేధ కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ మోటారు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఊళ్ళో మగవాళ్ళందరూ వలల నీడన వలల్లాగే కుప్పగా పడి ఉంటారు. చెంచయ్యా పడుకున్నాడు. పదిమంది పడుకున్నచోట ఒకడు ఎందుకు పడుకున్నాడో ఎవరు చూస్తారు? జూన్ నడిమధ్యలో నిషేధం ఎత్తేశారు. తొమ్మిదిమంది లేచారు.

పోలేరమ్మ తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది.

"ఏందయ్యా, నిన్ను మంచానికి కుట్టేసినారా? ఊరంతా పోతా ఉంది. చిన్నపోలయ్యన్న పడవ దించినాడు. లెయ్!"

చెంచయ్య గోడవైపు తిరిగాడు. ఆ గోడమీద సున్నం పెచ్చులూడి ఒక దీవిలాగా ఉండేది. మూడు వారాలు అతను ఆ దీవినే చూశాడు. పోలేరమ్మ పొద్దున తిట్టింది, మధ్యాహ్నం బతిమాలింది, సాయంత్రం రెండూ కలిపి చేసింది.

తర్వాత అత్త పెంచలమ్మ రంగంలోకి దిగింది. ఉప్పు, ఎండుమిరపకాయలు కొడుకు తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదని ఆమె నమ్మకం. వచ్చిన ఘాటుకు వీధి వీధంతా తుమ్మింది. ఎదురింటి కోళ్ళు కూడా ఎటో పోయాయి. తుమ్మనివాడు చెంచయ్య ఒక్కడే. "దిష్టి అయితే కాదు," అంది పెంచలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, పెద్ద పరీక్ష రాసి వచ్చినట్టు.

చెంచయ్య వేటకు పోయే పడవ యజమాని చిన్నపోలయ్యకు ఇంకో ఆలోచన వచ్చింది. "వాడికి సముద్రం వాసన తగలాల. తగిలితే వాడే లేస్తాడు." నలుగురు కలిసి చెంచయ్యను మంచంతో సహా భుజాలకెత్తుకుని ఒడ్డుకు బయల్దేరారు. దారిలో ఎదురైన ముసలామె మంచాన్ని చూసి గుండెలు బాదుకోబోయింది. మంచం మీది మనిషి కళ్ళు తెరిచి చూసేసరికి చేతులు దించి, "ఏం నాయనా, బాగుండావా?" అంది.

అలల అంచున మంచం దించి, నలుగురూ కొంచెం దూరంగా నిలబడి వాసన పనిచేయడం కోసం ఎదురుచూశారు. చెంచయ్య ఆకాశాన్ని చూశాడు. ఆకాశం అతన్ని చూసింది. ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. ఇంతలో ఒక పెద్ద అల వచ్చి మంచాన్ని ఎత్తుకుంది. నలుగురూ అరుచుకుంటూ నీళ్ళలోకి దూకి మంచం కోళ్ళు నాలుగూ పట్టుకున్నారు. తడిసి ముద్దయిన చెంచయ్య ఆ నెలలో తన మొదటి మాట పలికాడు.

"మంచం జాగర్త. పోయిందంటే అమ్మ తిడతాది."

ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. పోలేరమ్మ కూడా నవ్వింది. వారం తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆమె ఖాళీ గంప దించుకుని అన్నం పెడుతుంటే చెంచయ్య గోడమీది దీవితో చెప్పినట్టుగా మెల్లగా అన్నాడు. "నేను లేకపోతే నీకు ఒక గంప బరువు తగ్గుద్ది గదా, పోలేరీ."

ఆమె గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. జవాబు కోసం నోరు తెరిస్తే లోపల ఏమీ లేదు. నీళ్ళు వెనక్కి పోయిన తీరంలాగా ఉట్టి తడి ఇసుక. జీవితంలో మొదటిసారి పోలేరమ్మకు మాట దొరకలేదు.

ఆ సాయంత్రమే ఊరి ఆశా కార్యకర్త వెన్నెల ఇంటికి పోయింది. వెన్నెల అంతా విని, "అక్కా, ఇది సోమరితనం కాదు, జబ్బు. ఇంక రోజులు గడపబాక, తెల్లారే ఆసుపత్రికి పోదాం. అంతవరకు అన్నను ఒంటిగా వదలబాకండి," అంది. తెల్లారి మొదటి బస్సుకు ముగ్గురూ నెల్లూరు పెద్దాసుపత్రికి పోయారు.

డాక్టరు భానుప్రియ చిన్నమ్మాయి. తన పిన్నికూతురి వయసుంటుందని పోలేరమ్మ అంచనా వేసి, కొంచెం తక్కువగానే చూసింది. ఆ అమ్మాయి చెంచయ్యను నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది. తర్వాత టైము అడిగినంత మామూలుగా అడిగింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

పోలేరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏం మాటమ్మా అది? లేనిపోనిది నువ్వే గుర్తు చేస్తివి!"

"కూర్చోండమ్మా. అడిగితే కొత్తగా పుట్టదు. లోపల ఉంటే బయటికి వస్తుంది."

చెంచయ్య తలొంచుకునే అన్నాడు. "అనిపిస్తా ఉంటాది. ఎవురూ అడగలా." ఆ మాట చెప్పాక, మోకు వదిలినట్టు అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. పోలేరమ్మ అది చూసింది. ఇన్నాళ్ళుగా తను వేసిన వెయ్యి ప్రశ్నల్లో ఇది ఒక్కటే లేదు.

దీన్ని కుంగుబాటు అంటారనీ, కాలు విరిగినట్టే ఇదీ ఒంటికి వచ్చే దెబ్బేననీ, మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగైందనిపించినా సొంతంగా ఆపొద్దనీ డాక్టరు చెప్పింది. చివరికి పోలేరమ్మ వైపు తిరిగింది.

"మీకూ ఒక మందు రాస్తాను. రోజూ ఆయన పక్కన అరగంట కూర్చోండి. సలహా ఇవ్వొద్దు, తిట్టొద్దు, ధైర్యం చెప్పొద్దు. ఆయన చెబితే వినండి. చెప్పకపోతే ఊరికే కూర్చోండి. మాట్లాడకుండా ఎంతసేపు ఉండగలరు?"

పోలేరమ్మ లెక్క వేసుకుంటూ ఉండగానే పక్కనుంచి సన్నగా చప్పుడు వచ్చింది. చెంచయ్య నవ్వాడు. నిషేధం మొదలైనప్పటినుంచి అదే మొదటి నవ్వు.

"నిద్రలో గూడా ఉండలేదు డాక్టరమ్మా."

మందు చేదుగానే ఉంది. మొదటిరోజు పోలేరమ్మ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. కోడి ఒకటి గడప దాటింది. దాని గురించి నాలుగు మాటలు అనాలనిపించింది. ఆపుకుంది. పక్కింట్లో చెంబు పడింది. ఎవరు పడేశారో చెప్పాలనిపించింది. ఆపుకుంది. అయిదో నిమిషానికి లోపల మాటలు గట్టు దాటి వచ్చేస్తుంటే, రెండు తమలపాకులు వక్కతో చుట్టి బుగ్గలో కుక్కింది. అది పనిచేసింది. ఆ రోజునుంచి ఆమె ఎంత నోరు మూసుకుందో ఎర్రబడ్డ పెదాలు చూసి ఊరు తెలుసుకునేది.

పదిహేనో రోజో, ఇరవయ్యో రోజో చెంచయ్య మాట్లాడాడు. "పొద్దున లేస్తే ఒళ్ళు తడిసిన వల మాదిరి ఉంటాది పోలేరీ. మడిచి భుజానేసుకోవాలంటే చేతులు రావు. మీరంతా లెయ్ లెయ్ అంటారు. నాకు లెయ్యాలని లేకనా?"

"లెయ్యకపోతే పోనీలే" అనబోయింది. ఆకు అడ్డం వచ్చింది. తల మాత్రం ఊపింది. అతను ఇంకా చెప్పాడు. పద్దెనిమిదేళ్ళలో వినని గొంతు అది, అలలు లేని చోట నీళ్ళ చప్పుడులా ఉంది. ఇన్ని మాటలు ఇతను ఎక్కడ దాచుకున్నాడా అని ఆశ్చర్యపోయింది. తనెప్పుడూ చోటివ్వలేదని తట్టేసరికి ఆకు మింగేసింది.

వానలు మొదలయ్యేనాటికి చెంచయ్య మంచం దిగి, వల చిరుగులు కుట్టేంతవరకు వచ్చాడు. కొన్ని రోజులు అదీ లేదు. అప్పుడే చిన్నపోలయ్య వచ్చి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"పడవలో చోటు ఖాళీగా ఉంది పోలేరమ్మా. మిగతావాళ్ళు గొణుగుతా ఉండారు. పక్కూరి మనిషిని తీసుకోమంటారు. శుక్రవారం కాపు దగ్గర తేల్చేస్తారంట."

కాపు అంటే ఆ ఊరి పెద్ద. ఒడ్డున ఆయన ముందర తేలిన మాట ఇక మారదు. పడవలో చోటు ఒకసారి పోతే మళ్ళీ దొరకదు. చెంచయ్య రోజూ మాత్ర వేసుకునేముందు "నా చోటు ఉందా?" అని అడుగుతున్నాడని పోలేరమ్మకు ఒక్కదానికే తెలుసు. నీళ్ళలో ఉన్నవాడు తాడు ఉందో లేదో చూసుకున్నట్టు అడిగేవాడు.

బుధవారం గాలి తిరిగింది. ఫోన్లకు హెచ్చరికలు వచ్చాయి, రేవు దగ్గర కర్రకు ఎర్రజెండా ఎక్కింది. ఊళ్ళో పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. మగవాళ్ళంతా వసారాల్లో కూర్చుని పేకాడారు. ఎండగా ఉంది, సముద్రం చూడడానికి సాధువులాగే ఉంది. అయినా ఒక్కరూ ఇంకొకర్ని ఎందుకు పోలేదని అడగలేదు. ఏ పెళ్ళామూ మొగుణ్ణి సోమరిపోతు అనలేదు. పోలేరమ్మ ఆ జెండాను చాలాసేపు చూసింది.

ఇంటికొచ్చి, పీట వేసుకుని, ఆకు ఉమ్మేసి, కొత్తగా నేర్చుకున్న పని చేసింది. అనుమతి అడిగింది.

"ఒక మాట చెప్పొచ్చా?"

చెప్పింది. చెంచయ్య పొద్దు వాలేదాకా ఆలోచించాడు.

"నేనే చెప్తా," అన్నాడు. "నువ్వు చెప్తే లంకదాకా వినబడుద్ది."

శుక్రవారం ఒడ్డున కాపు ముందర మగవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. పోలేరమ్మ పడవ నీడన నిలబడింది, బుగ్గలో మూడు ఆకులు. చెంచయ్య లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

"పని తప్పించుకోడానికి జబ్బు ఒకటి," అని ఎవరో వెనకనుంచి అన్నారు.

పోలేరమ్మ తల తిప్పింది. ఆ ఒక్క గొంతుకు జవాబుగా ఆమె దగ్గర ఏడు తరాలకు సరిపడా సరుకు సిద్ధంగా ఉంది. ఊరంతా ఆమె వైపే చూసింది. కొందరు చెవుల మీద తువ్వాలు సర్దుకున్నారు. ఆమె మూడు ఆకులూ ఒక్క గుటకలో మింగి, గుండ్రం మధ్యలోకి నడిచి, మొగుడి కాళ్ళ పక్కన ఇసుకలో కూర్చుంది. ఏమీ అనలేదు. పోలేరమ్మ మౌనంగా కూర్చోవడం చూసి సభకు నిజంగానే భయం పట్టుకుంది.

చెంచయ్య ఆమె కొప్పును చూస్తూ మొదలుపెట్టాడు.

"నిన్నటిదాకా ఎవురూ వేటకు పోలా. ఎందుకు పోలేదని ఎవురూ అడగలా. జెండా ఉంది గాబట్టి. నాకు గూడా అట్టాంటి రోజులు వస్తా ఉండాయి. బయటికి ఎండగానే ఉంటాది, లోపల పోగూడదు. ఆ రోజు ఇంటిముందర ఎర్రగుడ్డ కడతా. పిలవబాకండి. గుడ్డ లేని రోజు పిలవండి, వస్తా. మందు తింటా ఉండా. చోటు తియ్యబాకండి."

అది అతని జీవితంలోకెల్లా పెద్ద ఉపన్యాసం. కాపు గడ్డం గోక్కున్నాడు. జెండాను ధిక్కరించి తీర్పు చెప్పిన కాపు ఆ తీరంలో ఎవరూ లేరు.

"గుడ్డ ఉన్నరోజు పక్కూరి మనిషి. లేనిరోజు చెంచయ్య. చోటు చెంచయ్యదే," అన్నాడు.

ఎర్రగుడ్డ కోసం ఇల్లంతా వెదికితే పోలేరమ్మ పాత లంగా ఒక్కటే దొరికింది. అది కర్ర చివర ఠీవిగా ఎగిరింది. వారంలోపే వంటింటి తలుపు మీద ఇంకో ఎర్రగుడ్డ కనిపించింది. "ఈ పొద్దు నన్ను వండమని అడగబాకండి," అని అత్త పెంచలమ్మ కాళ్ళు చాపుకుని చెప్పింది. చిన్నపోలయ్య ఒకరోజు పోలేరమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి, గాలి గురించి, డీజిల్ గురించి మాట్లాడి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ డాక్టరమ్మ నంబరు నీకాడ ఉందా? ఊరకనే. మనోళ్ళకు ఎవురికన్నా కావాలంటే." పోలేరమ్మ ఒక్క ప్రశ్న వేయకుండా నంబరు ఇచ్చింది. తనను చూసి తనకే ముచ్చటేసింది.

గుడ్డ నాలుగు రోజులు ఎగిరింది, ఒకరోజు దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆ దిగిన రోజున చెంచయ్య గడపదాకా వచ్చి, పిలుపు రాకముందే గుడ్డ మళ్ళీ కట్టి లోపలికి పోయాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక తెల్లవారుజామున పోలేరమ్మ తలుపు తీసేసరికి కర్ర బోసిగా ఉంది. లంగా మడిచి దండెం మీద ఉంది. వీధి మొదట్లో చిన్నపోలయ్య గొంతు, రోజూలాగే ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి పేరు పెట్టి పిలుచుకుంటూ వస్తోంది. ఆరు నెలలుగా ఆ గొంతు తమ ఇంటి దగ్గర అడుగులు తేలిక చేసుకుని దాటిపోయేది. ఈరోజు ఆగింది.

"చెంచయ్యోవ్!"

లోపల సద్దిగిన్నె మూత చప్పుడైంది.

పోలేరమ్మ వెనకాలే ఒడ్డుకు పోయింది. దూరంగా నిలబడి ఆకు నములుతూ ఉంది. పడవ మొదటి అల ఎక్కింది, రెండోది దాటింది. చెంచయ్య అందరికంటే నెమ్మదిగా కదులుతున్నాడు, కాని తన చోటులో ఉన్నాడు. ఎందుకో వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"ఏందే, నోరు పడిపోయిందా? పద్దెనిమిదేళ్ళు ఒడ్డునుంచి జాగర్త చెప్పి పంపిస్తివి! కేకెయ్యి!"

పోలేరమ్మ ఆకు ఉమ్మేసింది. కొంగు నడుముకు చుట్టింది. ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా ఒక్క ఊపిరిలోకి లాక్కుంది.

"జాగర్తయ్యోయ్! మాత్ర సద్దిగిన్నె మూతలోనే ఉండాది! తిన్నాకనే మింగాల!"

ఒడ్డునున్న తెల్ల కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. వాకాడు సందుల్లో పిల్లులు ఒళ్ళు విరుచుకునే ఉంటాయి.